మాట నిలిచింది, పరువు పోయింది

ఇంకా తెల్లవారకముందే రాజు రాబర్ట్, అతని చిన్ననాటి స్నేహితుడు నెడ్ స్టార్క్ గుర్రాలెక్కి, పరివారాన్ని వెనకే వదిలేసి చాలా దూరం వెళ్లిపోతారు. పక్కన ఎవరూ లేరు కాబట్టి పాత ముచ్చట్లు మొదలవుతాయి. వయసులో ఉన్నప్పటి ఆడపిల్లల పేర్లు గుర్తు చేసుకుంటూ, నీ అక్రమ సంతానం జాన్‌ను కన్న తల్లి పేరేమిటని అడుగుతాడు రాబర్ట్. విల్లా అని చెప్పి, ఇక ఆ సంగతి వదిలెయ్యమంటాడు నెడ్. దేవుళ్ల ముందూ మనుషుల ముందూ తన పరువూ, భార్య కేట్లిన్ పరువూ తానే తీశానంటాడు. అదే సవారీలో కాసేపటికి ఇంకో కథ చెబుతాడు. తాను గుర్రం దిగకుండా సింహాసనం ఉన్న సభలోకి వెళ్లేసరికి, ఏ రాజును కాపాడతానని ప్రమాణం చేశాడో ఆ రాజునే చంపిన జేమీ లానిస్టర్, కత్తి మోకాళ్ల మీద పెట్టుకుని ఆ సింహాసనం మీదే కూర్చుని ఉన్నాడట. అలాంటివాడిని ఎలా నమ్ముతావని నెడ్ బాధ. రాబర్ట్ నవ్వేస్తాడు.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ మొదటి పుస్తకంలో, అంటే 1996లో వచ్చిన ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో, ఈ రెండు సంగతులూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. మొదటిసారి చదివినప్పుడు నాకు ఏమీ తట్టలేదు, పేజీ తిప్పేశాను. అంతా తెలిశాక మళ్లీ చదివితే మాత్రం పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. ఎందుకంటే విల్లా కథ అబద్ధం. జేమీ కథ నిజమే కానీ సగమే. గుండెల్లో అంత పెద్ద రహస్యం మోస్తున్న మనిషికి, ఎదుటివాడి దగ్గర కూడా ఒక రహస్యం ఉండొచ్చన్న అనుమానమే రాలేదు.

(పుస్తకాలూ చదవక, వాటి ఆధారంగా తీసిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సిరీస్ కూడా చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోవడం మంచిది. ఇక ముందంతా గుట్టు విప్పడమే.)

ఈ కథలో అందరూ మాట్లాడే ‘హానర్’ను తెలుగులోకి తేవాలంటే ఒక మాట చాలదు. పరువు అనొచ్చు, కానీ పరువు మన దగ్గర ఉండేది కాదు, ఊరి నోట్లో ఉండేది. కూతురు వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంటే చంపేసే తండ్రి గురించి రాసేటప్పుడు మన పేపర్లు వాడేది కూడా ఈ మాటనే: పరువు హత్య. ఇంకొకటి ‘మాట’. మాట మీద నిలబడటం, మాట తప్పడం. అది ఊరికి తెలిసినా తెలియకపోయినా మనిషికి తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో ఈ రెండూ ఒకే పదంలో ఇరుక్కుపోయాయి. మార్టిన్ కథంతా ఆ ఇరుకులోంచే పుట్టిందని నాకు అనిపిస్తుంది. నెడ్ మాట కోసం పరువు వదులుకున్నాడు. జేమీ మాట తప్పి ఊరిని కాపాడి, పరువు పోగొట్టుకున్నాడు. ఇద్దరూ తాము చేసిన అతి మంచి పనిని బయటికి చెప్పలేదు.

నెడ్ రహస్యాన్ని పాఠకులు కనిపెట్టిన తీరే ఒక కథ. జాన్ స్నో నెడ్ కొడుకు కాదు, అతని చెల్లెలు లియానాకూ, రాబర్ట్ తిరుగుబాటు చేసి కూలదోసిన రాజు కొడుకు, యువరాజు రేగార్‌కూ పుట్టిన బిడ్డ అన్న ఊహ 1990ల చివరికే అభిమానుల్లో పాకిపోయింది. రేగార్, లియానా కలిస్తే జాన్ అని ఒక లెక్కల సూత్రంలా దాన్ని రాసుకునేవారు. టీవీ సిరీస్ ఆ మాటను తేల్చింది 2016 జూన్‌లో, ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో. పుస్తకాల్లో అది ఇప్పటికీ నేరుగా చెప్పని విషయమే. అంటే టీవీకి దాదాపు ఇరవై ఏళ్ల ముందే పాఠకులు పట్టేశారన్నమాట.

దేన్ని పట్టుకుని? కేట్లిన్ ఒకసారి జాన్ తల్లి గురించి అడిగితే నెడ్ ఆమెను భయపెట్టేంత కోపంగా, వాడు నా రక్తం, అంతకుమించి నీకు తెలియాల్సిన పని లేదంటాడు. నా కొడుకు అనలేదు, నా రక్తం అన్నాడు. మేనల్లుడు కూడా రక్తమే కదా! రెండో పుస్తకంలో రేగార్ చెల్లెలు డెనేరిస్‌కు కనిపించే దృశ్యాల్లో ఒకటి: మంచు గోడ పగుల్లోంచి ఒక నీలి పువ్వు పూసి, గాలంతా సువాసన నింపుతుంది. లియానాకు ఇష్టమైనవి నీలి గులాబీలు. జాన్ కాపలా కాసేది మంచు గోడ మీద. ఒక్క వాక్యం, అంతే. రచయిత దాన్ని అక్కడ పెట్టి, అర్థం విడమర్చకుండా వెళ్లిపోతాడు.

వీటన్నిటికంటే నాకు నచ్చే ఆధారం మాత్రం ముగ్గురు కాపలావాళ్లది. లియానా చనిపోయిన బురుజు ముందు రాజరక్షక దళంలోని ముగ్గురు వీరులు నిలబడి ఉంటారు. యుద్ధం అయిపోయింది. యువరాజు రేగార్ పోయాడు, వాళ్ల రాజు హతమయ్యాడు, బతికున్న రాజకుటుంబం వేరేచోట ఉంది. మరి వీళ్లు ఇక్కడ ఎవరిని కాపాడుతున్నారు? పారిపోయారనుకోవడానికి లేదు. లొంగిపోమంటే లొంగరు. తనతో కలిపి ఏడుగురున్న నెడ్ గుంపులో అతనూ ఇంకొకడూ తప్ప అందరూ ఆ పోరులో పోయారు. అభిమానులు వేసిన లెక్క ఇది: ఆ ముగ్గురూ మాట తప్పేవాళ్లు కాదు, రాజును కాపాడటమే వాళ్ల ప్రమాణం, కాబట్టి వాళ్లకు రాజు అనదగ్గ బిడ్డ ఆ బురుజులోనే ఉన్నాడు. చూడండి, వేలిముద్రలూ సాక్షులూ ఏమీ లేవు. చనిపోయిన ముగ్గురి నిజాయితీ మీద నమ్మకమే అసలు ఆధారం. అభిమానుల ఊహాగానాలు కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లకు నేను చూపించేది దీన్నే. ఇక్కడ పజిల్ విప్పాలంటే ఎవరు మాట తప్పుతారు, ఎవరు తప్పరు అని ముందు తేల్చుకోవాలి. మనుషుల్ని తూకం వేయకుండా ముడి విడదు.

అలా ముడి విడిపోయాక బయటపడేది జాన్ పుట్టుక ఒక్కటే కాదు, నెడ్ కూడా. రాబర్ట్ ముందు రేగార్ పసిపిల్లల శవాలను ఎర్ర అంగవస్త్రాల్లో చుట్టి పెడితే, అతనికి వాళ్లు పిల్లల్లా కాదు, శత్రువు పిల్లల్లా కనిపించారు. నెడ్ అది కళ్లారా చూశాడు. చెల్లెలి బిడ్డకు కూడా అదే గతి పడుతుందని తెలుసు. అందుకే పెళ్లయిన కొత్తలోనే అక్రమ సంతానాన్ని ఇంటికి తెచ్చినవాడిగా నింద మోశాడు. భార్య పద్నాలుగేళ్లకు పైగా ఆ పిల్లవాడిని చూసి కుమిలింది. ఆమెకు కూడా చెప్పలేదు. ఇది గొప్ప అని తేల్చేయడానికి నాకు మనసొప్పదు, కేట్లిన్ వైపు నుంచి చూస్తే ఇది పచ్చి అన్యాయం.

మనకు ఇలాంటి కథ కొత్త కాదు. కాకపోతే భారతంలో అది తిరగేసి ఉంది. కుంతి లోకనిందకు భయపడి బిడ్డను నదిలో వదిలింది. నెడ్ బిడ్డ కోసం లోకనిందను ఒళ్లో పెట్టుకున్నాడు. పైగా మన దగ్గర ఊహాగానానికి చోటే లేదు, కర్ణుడు ఎవరి కొడుకో కథ మొదట్లోనే అందరికీ తెలుసు. అయినా యుద్ధం ముగిశాక, తర్పణాలు వదిలే వేళ కుంతి నోరు విప్పితే మనకు ఒళ్లు జలదరిస్తుంది. ధర్మరాజు ఆ మాట విని, రాజ్యం అసలు ఎవరికి రావాల్సింది అన్న లెక్కతో ఆగిపోడు. అన్నను చంపించుకున్నామని కుప్పకూలతాడు. ఇంత దాచావా అని తల్లి మీద మండిపడి, ఆడవాళ్ల దగ్గర రహస్యం దాగకూడదని శపిస్తాడు. (ఆ శాపం న్యాయమేనా అన్నది వేరే వ్యాసం.) రహస్యం బయటపడటం అంటే సమాచారం అందడం కాదు, దాచిన మనిషితో తెలుసుకున్న మనిషికి మిగిలే లెక్క.

టీవీ సిరీస్ జారిపోయింది సరిగ్గా ఇక్కడే. ఎనిమిదో సీజన్ మొదట్లో జాన్‌కు తన పుట్టుక తెలుస్తుంది. మా నాన్న అంత నిజాయితీపరుడు జీవితమంతా నాకు అబద్ధం చెప్పాడా అన్న అర్థంలో ఒక మాట అంటాడు. స్నేహితుడు శామ్ సర్దిచెబుతాడు. అంతే! ఇరవై ఏళ్లు ఎదురుచూసిన ప్రశ్నకు దక్కింది రెండు డైలాగులు. ఆ తర్వాత ఎపిసోడ్ల నిండా సింహాసనానికి వారసుడెవరన్న గొడవే. నేలమాళిగలో నెడ్ సమాధి ముందే ఆ సంభాషణ జరుగుతుంది, కెమెరా ఆ రాతి ముఖం మీద ఇంకాసేపు నిలిచి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నెడ్‌ను ‘నిజాయితీ వల్ల చచ్చిన అమాయకుడు’ అనడం ఒక ఫ్యాషన్ అయిపోయింది. నీ పిల్లలు రాజుకు కాక నీ తమ్ముడికే పుట్టారన్న గుట్టు తెలిసిపోయింది, రాజు తిరిగొచ్చేలోగా వాళ్లను తీసుకుని పారిపో అని రాబర్ట్ భార్య, జేమీ కవల అక్క, తనకు శత్రువైన సెర్సీకే చెప్పాడు కదా, అంతకంటే తెలివితక్కువతనం ఉంటుందా అంటారు. కానీ అతన్ని నోరు విప్పేలా చేసింది నిజాయితీ కాదు, ఎర్ర అంగవస్త్రాల్లో చూసిన ఆ పసివాళ్లు. సెర్సీ పిల్లలకు అదే గతి పట్టకూడదనుకున్నాడు. చివరికి కూతురు సాన్సాను కాపాడుకోవడానికి, చేయని ద్రోహాన్ని వేలమంది ముందు ఒప్పుకున్నాడు. పిల్లల ప్రాణం అడ్డొచ్చిన ప్రతిసారీ అతను పరువును పక్కన పెట్టాడు. నిజాయితీపరుడని పేరున్న ఈ మనిషి కథలో చెప్పిన రెండు పెద్ద అబద్ధాలూ పిల్లల కోసం చెప్పినవే.

ఇక జేమీ. మొదటి పుస్తకంలో నెడ్ కొడుకు, ఏడేళ్ల బ్రాన్‌ను కిటికీలోంచి తోసేసినవాడు. మూడో పుస్తకం వచ్చేసరికి కుడి చెయ్యి తెగి, జ్వరంతో, హారెన్‌హాల్ కోటలోని స్నానాల గదిలో వేడినీళ్ల తొట్టిలో కూర్చుని, తనను అసహ్యించుకునే యోధురాలు బ్రియెన్‌తో మాట్లాడతాడు. జేమీ చంపిన ఆ రాజు, ఏరిస్, నగరం కింద అక్కడక్కడా వైల్డ్‌ఫైర్ దాయించాడు. నీళ్లు పోసినా ఆరని పచ్చటి మంట అది. శత్రువు లోపలికొస్తే ఊరంతటినీ కాల్చెయ్యమన్నాడు, జేమీని తన తండ్రి తల తెమ్మన్నాడు. పదిహేడేళ్ల కుర్రాడు మొదట నిప్పు పెట్టబోయేవాడిని చంపాడు, తర్వాత రాజును చంపాడు. మరి ఇది ఎందుకు చెప్పలేదని బ్రియెన్ అడుగుతుంది. నెడ్ స్టార్క్ నన్ను ఒక్క చూపు చూసి దోషినని తేల్చేశాడు, అతనికి నేను సంజాయిషీ చెప్పుకోవాలా అన్నట్టు మండిపడతాడు జేమీ. రోషం! ఊరిని కాపాడినవాడు రోషం కొద్దీ నోరు మూసుకుని, ఏళ్ల తరబడి ‘రాజహంతకుడు’ అనిపించుకుంటూ తిరిగాడు.

రాజుకు లోబడి ఉండాలి, తండ్రి మాట వినాలి, బలహీనుల్ని కాపాడాలి, ఇన్ని ప్రమాణాలు చేయిస్తే ఏదో ఒకటి తప్పక తప్పదని ఇతనే అంతకుముందు కేట్లిన్‌తో అంటాడు. సింహాసనానికి కట్టుబడ్డవాడు ఆ సింహాసనం తప్పు చెయ్యమంటే ఏం చెయ్యాలన్న ప్రశ్న తెలుగువాళ్లను కూడా రెండేళ్లు పట్టి ఊపింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా పెళ్లిళ్లలో, బస్సుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో అందరి దగ్గరా ఒక థియరీ ఉండేది. జవాబు వచ్చాక చూస్తే, కట్టప్ప ఎంచుకున్నది జేమీకి సరిగ్గా ఎదురు దారి. మాట నిలబెట్టుకున్నాడు, చంపకూడనివాడిని చంపాడు. అయినా మనం కట్టప్పను క్షమించేశాం. జేమీని మాత్రం ఆ కథ జరిగే వెస్టెరోస్ జనం క్షమించలేదు. కట్టప్ప ఏడవడం మనం చూశాం, జేమీ ఏడవడం వాళ్లు చూడలేదు. తేడా అంతేనేమో.

జేమీని కడిగిన ముత్యంలా నిలబెట్టే అభిమానులతో కూడా నాకు పేచీ ఉంది. నాలుగో పుస్తకంలో కోటను లొంగదీసుకోవడానికి, శత్రువుకు పుట్టబోయే బిడ్డను రాళ్లు విసిరే యంత్రంలో పెట్టి గోడ మీదికి విసిరిస్తానని బెదిరించింది ఇతనే. తొట్టిలో చెప్పిన కథ నిజమైనంత మాత్రాన కిటికీ మూసుకుపోదు. మార్టిన్ రెంటినీ పక్కపక్కనే ఉంచుతాడు, కూడికలూ తీసివేతలూ చెయ్యడు. టీవీ సిరీస్ మాత్రం చివర్లో జేమీ నోట ఒక మాట అనిపించింది: అమాయకులైనా కాకపోయినా ఆ జనం గురించి నేనెప్పుడూ పట్టించుకోలేదని. ఒక్క వాక్యంతో హారెన్‌హాల్ నీళ్లన్నీ ఒలకబోసినట్టయింది. ఎనిమిదో సీజన్‌ను మళ్లీ తియ్యాలంటూ పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారంటే, అందులో తాము ఊహించింది జరగలేదన్న ఉక్రోషం కొంత ఉండొచ్చు. కానీ ఈ మాట విన్నప్పుడు వచ్చిన కోపం ఆ కోవలోది కాదు.

అభిమానుల తప్పేమీ లేదని కాదు. ఐదో పుస్తకం 2011లో వచ్చింది. ఆరోది రాలేదు. ఆకలి మీద ఉన్నవాడికి గులకరాయి కూడా బెల్లంముక్కలా కనిపిస్తుంది, విందు భోజనంలో వడ్డించిన కూరలోనూ సంకేతాలు వెతికారు. రాజు దగ్గర గూఢచారుల పెద్ద అయిన వేరిస్ అసలు మనిషి కాదు, జలచరం అని కూడా ఒక థియరీ ఉంది, సగం సరదాకే అనుకోండి. పాఠకులు ముందే కనిపెట్టేశారని కథ మార్చడం కంటే పెద్ద పొరపాటు లేదని మార్టిన్ పలుమార్లు అన్నాడు. ఆ ఇంగితం మెచ్చుకోదగ్గదే, పుస్తకం చేతికొస్తే ఇంకా మెచ్చుకుంటాం. కానీ ఊహల్లో కొన్ని మాత్రం కథ కంటే ముందు నడుస్తున్నాయి. సెర్సీ తమ్ముడి చేతిలో చనిపోతుందని పుస్తకంలో ఒక జోస్యం ఉంది. ఆ తమ్ముడు జేమీయేనని, ఆమె నగరాన్ని కాల్చబోతుంటే అతను ఆపుతాడని చాలామంది నమ్మకం. అంటే రాజు విషయంలో చేసిన పనినే రెండోసారి, ప్రాణంగా ప్రేమించిన మనిషి విషయంలో చెయ్యాలి. ఈసారైనా ఎవరో ఒకరు చూడాలి అన్న కోరిక ఆ థియరీ అడుగున నాకు వినిపిస్తుంది.

రాజరక్షక దళానికి ఒక తెల్ల పుస్తకం ఉంది. ఒక్కో వీరుడికీ ఒక్కో పేజీ, చేసిన పనులన్నీ అందులో రాస్తారు. జేమీ పేజీలో, ఏరిస్ రాజును సింహాసనం మెట్ల దగ్గర చంపాడనీ, అప్పటినుంచి రాజహంతకుడు అంటారనీ, రాబర్ట్ క్షమించాడనీ పాత దళపతి రాసి వెళ్లాడు. ఆ పదవి జేమీకి మొదటి పుస్తకంలోనే దక్కినా, అతను వచ్చి బాధ్యత తీసుకునేది మూడో పుస్తకం చివర్లో. కలం అతని చేతికే వస్తుంది. కుడిచెయ్యి లేదు కాబట్టి ఎడమచేత్తో వంకరటింకరగా రాస్తాడు. యుద్ధంలో ఓడిపోయింది రాస్తాడు, పట్టుబడింది రాస్తాడు, చెయ్యి తెగింది రాస్తాడు, బ్రియెన్ తనను క్షేమంగా తీసుకొచ్చిందని రాస్తాడు. వైల్డ్‌ఫైర్ సంగతి రాయడు. పేజీలో ముప్పాతిక భాగం ఖాళీగానే ఉంటుంది.