అయిదు అల్లితే ఒకటి లెక్క

శ్రమకు వెల కట్టడంలో మనవారు పాటించే సూత్రాన్ని కొక్కెపు సూదితో దారాన్ని అల్లే క్రోషే పనిలోని పాప్‌కార్న్ కుట్టు పాటించినంత నిక్కచ్చిగా మరే వ్యవస్థా పాటించదని ఆర్థికవేత్తలకు సవినయంగా మనవి చేస్తున్నాను. ఒకే కన్నంలో అయిదు పొడవాటి కుట్లు అల్లి, సూదిని ఉచ్చులోంచి పూర్తిగా బయటికి తీసి, ఆ అయిదింటిలో మొదటి కుట్టు తలలోకి ముందువైపు నుంచి గుచ్చి, వదిలేసిన ఉచ్చును పట్టి లాగితే, అయిదూ ఒకచోట ఇరుక్కొని గుండ్రని బుడిపెగా పైకి లేస్తాయి. సూదిని వెనకనుంచి గుచ్చితే ఆ బుడిపె వెనక్కి తిరిగి అలుగుతుంది. పై వరుస అల్లేటప్పుడు మాత్రం ఆ అయిదూ కలిసి ఒక్క కుట్టు కిందే లెక్క. మిగిలిన నాలుగూ ఏమయ్యాయని అడగడం సభ్యత కాదు. అవి అందం పద్దులో జమ అయ్యాయి.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఆడవారికి ఈ గణితం ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే లేసు అల్లకం అక్కడ ఇంటింటా స్థిరపడి, సముద్రాలు దాటి అమ్ముడుపోయి, 2024లో భౌగోళిక గుర్తింపు సైతం పొందింది. గుర్తింపు ఊరికి దక్కింది. అల్లిన మనిషికి మాత్రం ముక్కకింత అని ఏజెంటు చెప్పిన కూలి దక్కుతుంది. గంటల లెక్క ఎందుకు ఉండదంటే, అందుకు శాస్త్రీయమైన కారణమే ఉంది: ఆమె ఇంట్లో ఉంటుంది, పైగా కూర్చుని ఉంటుంది, కాబట్టి ఆమె చేసేది పని కాదు, ఖాళీ సమయం. వంటా, అంట్లూ, పిల్లలూ అయ్యాక వసారాలో మెడ వంచుకొని కూర్చున్న ఆ ఖాళీ, పొద్దు వాలేదాకా సాగడం ఆమె అదృష్టం.

ఇంకో ఇబ్బందికరమైన సంగతి ఉంది. క్రోషేను చేత్తో అల్లినట్టే అల్లగల యంత్రం బజారులోకి ఇంతవరకు రాలేదు. నిజమైన క్రోషే ఎంత చవకగా దొరికినా, దాని వెనక ఎవరో ఒకరి వేళ్లు ఉన్నట్టే. “మిషను మీద చేసిందే కదమ్మా, సగానికి ఇవ్వు” అని ప్రదర్శనశాలలో బేరమాడే పెద్దమనిషికి ఈ విషయం తెలియజేసి ఆయన మధ్యాహ్నాన్ని పాడుచేయరాదు. ఆయన సగానికే కొని, ఇంటికి తీసుకెళ్లి, బుడిపెలన్నీ నేలమట్టమయ్యేలా వేడి ఇస్త్రీపెట్టె నొక్కి, ఈ చేతిపనుల్లో నాణ్యత పడిపోతోందని మరునాడు వచ్చి డబ్బు వాపసు అడుగుతారు.