కాపర్ టీ గారికి, దేవరకొండ నుంచి

కాపర్ టీ గారికి నమస్తే.

మీరు నా గర్భసంచిలోంచి ఖాళీ చేసి రెండు వారాలైంది. పదేళ్లకని వచ్చి ఏడు నెలలకే వెళ్లిపోయారు. మా ఊళ్లో కౌలుకు వచ్చినవాడు కూడా రెండు పంటలు చూసిగానీ కదలడు.

మీ పని మీరు చేశారు, కాదనను. కడుపు రాలేదు. కానీ నాలుగు రోజుల ముట్టు తొమ్మిది రోజులైంది. ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల దాకా. ఊరంతా తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడితే నేను తొమ్మిది రోజులూ గడపలో కూర్చుని చప్పట్లు విన్నాను. లెక్క మాత్రం బాగా కుదిరింది.

తర్వాత పత్తి ఏరే రోజులు. ఒడి నిండా తెల్లటి పత్తి, బట్ట మార్చుకుందామంటే చేనులో మరుగు లేదు. నడుము నొప్పికి మునుం వెనకపడితే, "పెద్దదొరసాని వచ్చింది" అని కూలోళ్ల నవ్వులు.

అత్తమ్మకు మీరంటే ముందే పడదు. మీరు పాక్కుంటూ గుండెకు పోతారని ఆమె నమ్మకం. 1965లో సర్కారు తెచ్చిన లూపు మీకు పెద్దమ్మ వరస కదా, అత్తమ్మ వాళ్లమ్మ దాన్ని వేయించుకుని నెల తిరక్కుండా తీయించుకుందట. ఇదే రక్తం, ఇదే నొప్పి. ఈ అరవై ఏళ్లలో ప్లాస్టిక్‌కు రాగి చుట్టారు, పదేళ్ల గడువిచ్చారు. చెప్పాల్సిన నాలుగు మాటలు మాత్రం మా దాకా ఇంకా రాలేదు.

ఆ మాటలు నాకెప్పుడు తెలిశాయంటారా? తీసేయమని దవాఖానకు మూడుసార్లు తిరిగాను. "ఓర్చుకోవాలె, పదేండ్లకు వేసినం" అన్నారు. నాలుగోసారి మిమ్మల్ని తీసేసి, చేతులు కడుక్కుంటూ చెప్పింది నర్సమ్మ: మొదటి మూడు నుంచి ఆరు నెలలు ఇట్లనే ఉంటది, చాలామందికి తర్వాత తగ్గుతది, అందాక గోలీలున్నయి అని. ట్రేలో చూస్తే మీరు అగ్గిపుల్లంత పొడుగు కూడా లేరు.

ఇక ఆపరేషనే అంటున్నారు అందరూ. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయి 15–49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో నూటికి 60 మందికి పైగా అదే చేయించుకున్నారు. దానికైతే మళ్లీ ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. నాకింకా ఇరవై నాలుగే. మూడు నెలలకోసారి అంతర సూది, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి వేసుకునే ఛాయ మాత్ర కూడా ఉన్నాయట. మీరేమో టీ, అదేమో ఛాయ. పేర్లు పెట్టినాయన హోటల్లో కూర్చుని పెట్టినట్టున్నాడు.

అందాక వంతు మా ఆయనది. మీ దారం తగులుతోందని ఏడు నెలలు సణిగిన మనిషే. నిన్న ఆశా అక్క ఆయన చేతిలో మూడు నిరోధ్ పాకెట్లు పెట్టింది. వాకిట్లో ఎవరో పిలిచారంతే, గాభరాగా నా కొంగులో పడేసి పరుగు.

ఇట్లు,
మీ పాత ఇంటి ఓనరు