నల్లరంగు సొట్టల్ని దాచదు, చూపిస్తుంది

కొత్తగా లైసెన్స్ చేతికొచ్చిన పిల్లల మధ్య ఒక మెసేజ్ ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతోంది. అందులో ఉన్నదిది. ఇంట్లోవాళ్లు వాడి ఇచ్చిన పాత ఎస్‌యూవీని చూసి మొహం మాడ్చుకోకండి. స్ప్రే డబ్బాలు తెచ్చి ఒక్క వీకెండ్‌లో బండి మొత్తం నల్లగా కొట్టేయండి. నలుపు సొట్టల్ని దాచేస్తుంది, తుప్పును ఆపేస్తుంది, నచ్చకపోతే ఒలిచేయొచ్చు. లైట్లు, అద్దాలు కూడా నలుపు చేస్తే లుక్కే వేరు. అంత పెద్ద బండిలో కొత్త డ్రైవర్‌కి ఎలాగూ భయం లేదు.

నాన్నో మేనమామో ఇచ్చిన బండి తనదిగా కనిపించాలని ఆ వయసులో ఎవరికుండదు? నల్ల బండ్లంటే నాకూ ఇష్టమే. ఆ మెసేజ్‌లోని మాటలతోనే పేచీ.

మొదటిది, "నలుపు సొట్టల్ని దాచేస్తుంది." సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది. సొట్ట మన కంటికి తెలిసేది ముఖ్యంగా దాని మీద పడే ప్రతిబింబం వంకర పోవడం వల్ల. నిగనిగలాడే నల్ల డోర్ అద్దం లాంటిది. బండి పక్కన వంగి, డోర్ పొడవునా చూపు సారించండి. ఎదుటి గోడ అంచు అందులో తిన్నగా వస్తూ వస్తూ సొట్ట దగ్గర మెలిక తిరుగుతుంది. తెల్లరంగు అన్నివైపులా వెలుగును చెదరగొడుతుంది కాబట్టి ఆ మెలిక అంతగా కనిపించదు. గుడ్డతో తుడిచినప్పుడు పడే సన్నగీతలూ అంతే, తెల్లబండి మీద ఎవరూ చూడరు, నల్లబండి మీద ఎండలో సాలెగూడులా తేలతాయి.

పెయింటర్ల పద్ధతి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. టింకరింగ్, పుట్టీ అయ్యాక ప్రైమర్ కొట్టి, దాని మీద పల్చగా గైడ్ కోట్ అని ఒకటి వేస్తారు. అది ఎక్కువగా నల్లటి పొడో, నల్లరంగు తుంపరో. తర్వాత చెక్క బ్లాకుకి ఎమరీ పేపర్ చుట్టి రుద్దుతారు. ఎత్తున్నచోట నలుపు పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. లోపాన్ని పట్టుకోవడానికి వాళ్లు వాడేదే నలుపు. దాన్ని పట్టుకుని లోపాన్ని దాస్తుందంటే ఎలా?

మ్యాట్ నలుపు, అంటే మెరుపు లేని నలుపు, దాని సంగతి కొంచెం వేరు. దానిలో ప్రతిబింబం ఉండదు కాబట్టి చిన్నాచితకా సొట్టలు కొంత మరుగున పడతాయి, ఒప్పుకోవాల్సిందే. కానీ మ్యాట్ మీద గీత పడితే పాలిష్ పెట్టలేం. రుద్దినచోటే మెరుపు వచ్చి మచ్చగా మిగిలిపోతుంది.

రెండోది తుప్పు. కంపెనీలో బాడీ మొత్తాన్ని ద్రావణంలో ముంచి, కరెంటు పంపి, లోపలి మూలల్లోకి కూడా ఒక రక్షణ పొర పట్టిస్తారు. ఆ పైన ప్రైమర్, రంగు, మెరుపు కోసం రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపినా ఇంచుమించు 100 నుంచి 150 మైక్రాన్లు, రెండు తల వెంట్రుకల మందం. తుప్పుకి అడ్డుగోడ ముఖ్యంగా ఆ అడుగు పొరే. అది దెబ్బతిని తుప్పు మొదలయ్యాక పైన ఎంత నలుపు కొట్టినా లోపల పని ఆగదు. తుప్పు గుల్లగా ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది, ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి రంగును పైకి నెడుతుంది. చక్రం పైన ఉండే ఆర్చ్ అంచు వేలితో తడిమి చూడండి. బఠాణీ గింజంత బుడగ తగిలితే గోకండి. చాలాసార్లు కింద దానికి రెండు మూడింతల మేర ఎర్రగా బయటపడుతుంది. మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, ఎపాక్సీ ప్రైమర్ వేసి, ఆ తర్వాతే ఏ రంగైనా. చిల్లు పడిందంటే అది రంగు డబ్బా పని కాదు, వెల్డింగ్ పని.

"ఒక్క వీకెండ్ చాలు" అనేవాళ్లు రంగు కొట్టే టైమే లెక్కేస్తున్నారు. అసలు పని అంతకుముందే ఉంటుంది. కడగడం, జిడ్డు తీయడం, రుద్దడం, రబ్బర్లకీ అద్దాలకీ మాస్కింగ్ టేప్ వేయడం. ప్లాస్టిక్ బంపర్‌కి రంగు పట్టాలంటే విడిగా ప్రైమర్ కావాలి. ఇదంతా చేసినా తలుపు తీయగానే అంచుల్లో పాత రంగు పలకరిస్తుంది.

డబ్బాల్లోనూ రెండు రకాలు. మామూలు డబ్బా రంగు ఆరినా పెట్రోల్ చిందితే మెత్తబడుతుంది, ట్యాంక్ మూత కిందే ముందు చెడుతుంది. గట్టిగా నిలిచేది టూ-కె రకం, అంటే రంగును గట్టిపరిచే హార్డెనర్ విడిగా ఉండి వాడేముందు కలిసేది. అందులో సాధారణంగా ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరి బిగబడుతుంది. ముక్కుకి కట్టిన గుడ్డ గానీ దుమ్ము మాస్క్ గానీ దీన్ని ఆపవు. ఈ పని చేసే పెయింటర్లు స్ప్రే బూత్‌లో, బయటి నుంచి గాలి అందించే మాస్క్ పెట్టుకుని చేస్తారు. మూసిన గ్యారేజీలో ఒక కుర్రాడు చేయాల్సిన పని కాదిది. మెసేజ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేకపోవడం నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది.

ఒలిచేయొచ్చన్నది స్ప్రే చేస్తే రబ్బర్ పొరలా ఆరే కోటింగ్‌కి వర్తించే మాట, పెయింట్‌కి కాదు. రెంటినీ కలిపేశారు. ఆ రబ్బర్ కూడా మందంగా కొడితేనే ఊడుతుంది. పల్చగా కొట్టినా, ఏళ్ల తరబడి ఎండకి వదిలేసినా తునకలు తునకలుగా తప్ప రాదు.

లైట్ల మీద నలుపు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బ్రేక్ లైట్ వెలిగిన సంగతి వెనకవాడికి ఆలస్యంగా తెలుస్తుంది. లైటు ఆరినా వెనకబండి వెలుగుకి మెరిసే రిఫ్లెక్టర్ కూడా ఆ పొర కింద మసకబారుతుంది. అద్దాలకి చిన్న లెక్క ఉంది. గ్లాసు సొంతంగా 70 శాతం వెలుగును పంపుతోందనుకోండి, దాని మీద 50 శాతం వెలుగునే పంపే నల్ల ఫిల్మ్ వేస్తే మిగిలేది 35. చాలా దేశాల్లో ముందు అద్దానికి 70 శాతమో అంతకంటే ఎక్కువో ఉండాలన్నది చట్టం. అసలే రాత్రి డ్రైవింగ్ అలవాటు లేని చేతికి ఆ 35 శాతం ఎందుకు?

నలుపుకి ఇంకో ఖరీదుంది, మెసేజ్‌లో అదీ లేదు. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పగటిపూట తెల్ల కార్లతో పోలిస్తే నల్ల కార్లకు ప్రమాదాల రిస్క్ 12 శాతం ఎక్కువని తేలింది. రంగొక్కటే కారణమని దీంతో తీర్మానించలేం గానీ, నల్ల బండి నడిపేవాళ్లు సందెవేళ కంటే ముందే హెడ్‌లైట్లు వేయడం మంచిది.

ఇక "పెద్ద బండి, భయం లేదు." ఇందులో సగం నిజం. గుద్దుకున్నప్పుడు బరువు కాపాడుతుంది. అమెరికాలో బండ్ల భద్రతను పరీక్షించే ఐఐహెచ్ఎస్ సంస్థ కూడా టీనేజర్లకు మరీ చిన్న కార్లు వద్దనే చెబుతుంది. అదే సంస్థ ఈఎస్‌సీ, అంటే బండి జారినప్పుడు అదుపు తప్పకుండా పట్టే వ్యవస్థ, ఉండి తీరాలంటుంది. ఎస్‌యూవీ ఎత్తు కాబట్టి గభాల్న స్టీరింగ్ తిప్పితే పల్టీ కొట్టే అవకాశం ఎక్కువ. ఈఎస్‌సీ అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ 2014 నుంచి తప్పనిసరి అయింది. చేతులు మారి వచ్చిన బండి అంతకంటే పాతదైతే అది ఉండకపోవచ్చు. తాళం తిప్పగానే డాష్‌బోర్డ్ మీద, వెనక మెలికల గీతలున్న కారు బొమ్మ వెలిగి ఆరుతుందేమో చూసుకోండి. టైర్ పక్కగోడ మీద 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. అరుగుదల బయటికి కనిపించకపోయినా రబ్బర్‌కి వయసు మీద పడుతుంది. రంగు డబ్బాల డబ్బు ముందు అటు వెళ్లాలి.

నలుపు మోజు తీరాలంటే చక్రాలతో మొదలుపెట్టడం నయం. విప్పి కింద పెట్టి తీరిగ్గా రుద్దుకోవచ్చు, తేడా వస్తే మళ్లీ కొట్టుకోవచ్చు. నట్లు కూర్చునే చోట, చక్రం బిగించే హబ్‌కి ఆనే వెనకవైపు మాత్రం టేప్ వేసి రంగు పడకుండా చూడాలి. అక్కడ రంగు పొర ఉంటే అది నలిగి నట్లు వదులవుతాయి. బిగించాక ఓ 100 కిలోమీటర్లు తిరిగి, ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో నట్లన్నీ మళ్లీ ఒకసారి చూసుకోండి.