తగ్గింపు, అంటే వినయం, ఎప్పుడూ వెనక వరసవాళ్లకేనా?

ఇప్పుడే చర్చి నుంచి వచ్చాను. ఇది రాసేస్తే గానీ నా బీపీ దిగేలా లేదు.

మొదటి వరసలో ఒక పెద్దావిడ కూర్చుంటుంది. చెవులు సరిగ్గా వినపడవు. స్పీకరు పక్కన ఉంటే వాక్యం నాలుగు ముక్కలైనా అందుతుందని అందరికన్నా ముందొస్తుంది. ఇవాళ ఆరాధన సగంలో ఒక పెద్దమనిషి దయచేశారు. వెంటనే వాలంటీరు కుర్రాడు ఆవిడ భుజం తట్టి "అమ్మా, కాస్త వెనక్కి వెళ్లండి" అన్నాడు. ఆవిడ బైబిలు, కళ్లజోడు డబ్బా, చేతికర్ర ఒక్కొక్కటే తీసుకుని లేచింది. కర్ర కుర్చీ కాళ్ల మధ్య ఇరుక్కుంది. ఆ పెద్దమనిషి అది ఊడివచ్చేదాకా చూస్తూ నిలబడ్డారు. చూస్తూ!

తర్వాత ఆయన్నే సాక్ష్యానికి, అంటే దేవుడు తనకు చేసిన మేలు చెప్పడానికి, పిలిచారు. "నేను దేనికీ పనికిరాని దాసుణ్ణి, ధూళిని" అని మొదలుపెట్టి, తను కట్టించినవి, ఇప్పించినవి, తనకు ఫోన్ చేసే గొప్పవాళ్లు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. ధూళికి ఇంత బయోడేటా ఉంటుందని నాకు తెలీదు.

కుర్రాణ్ణి ఏమంటాం, పాపం. అతన్ని పంపిన సంఘపెద్దనే అడిగాను. ఆయన చిరునవ్వుతో "సిస్టర్, మీకు ప్రార్థన ఉంది గానీ తగ్గింపు లేదు" అన్నారు.

అయ్యా, యాకోబు పత్రిక 2వ అధ్యాయం మీ బైబిల్లో చింపేశారా? బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, బీదవాడికి కాళ్ల దగ్గర చోటు ఇవ్వడం తప్పని సీట్లతో సహా రాసుంది కదా! విందులో అగ్రపీఠం మీద కూర్చోవద్దని లూకా 14లో ప్రభువే చెప్పాడు. అది వచ్చిన అతిథికి చెప్పిన మాట. మనవాళ్లు ముసలావిడకి వర్తింపజేశారు.

అయినా అడిగితే తగ్గింపు లేనట్టా? ప్రధాన యాజకుని ఎదుట బంట్రౌతు చెంప మీద కొడితే, న్యాయంగా మాట్లాడితే నన్నెందుకు కొట్టావని యేసుప్రభువు అడగలేదా? ఆయనకీ చెప్పండి మరి, తగ్గింపు నేర్చుకోమని.

యేసుప్రభువు శిష్యుల కాళ్లు కడగడం గురించి మాత్రం బ్రహ్మాండంగా ప్రసంగిస్తారు. పట్టించబోయే యూదా ఆ పన్నెండుమందిలో ఉన్నాడన్న ముక్క దగ్గర గొంతు కూడా వణుకుతుంది. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లో బాల నేరస్థుల జైలుకు వెళ్లి 12 మంది కాళ్లు కడిగారు. అందులో ఇద్దరు అమ్మాయిలు, ముస్లింలు కూడా. ఆడవాళ్ల కాళ్లు ఎలా కడుగుతారని అప్పుడు గోల చేసినవాళ్లున్నారు, చివరికి 2016లో రూలే మార్చారు. "వాళ్ల సంఘం వేరు, మన సంఘం వేరు" అని కామెంట్లలోకి రాకండి, నాకు ఓపిక లేదు. వంగిన నడుము ఏ సంఘానిదైతే ఏంటి?

అసలు ఈ తగ్గింపు పాఠం నాకు కొత్త కాదు. సండేస్కూల్ ఏళ్ల తరబడి నేనే నడిపాను. పిల్లల హాజరు, కంఠతా వాక్యాలు, ఎవరికి జ్వరం, ఎవరింట్లో గొడవ, అన్నీ నా చేతిరాతతో రిజిస్టర్లలో ఉన్నాయి. ఒక రోజు మాట మాత్రమైనా చెప్పకుండా ఒక పెద్దింటి కోడలికి అప్పగించేశారు. ఎందుకని అడిగితే ఇదే పెద్ద, ఇదే చిరునవ్వు. "పేరు కోసం చేస్తున్నారా సిస్టర్? పరిచర్యలో పేరు ఉండకూడదు."

ఆ మాట ఆయన ఎక్కడ నిలబడి అన్నారో తెలుసా? తన పేరున్న శిలాఫలకం ముందు. పైన "దేవుని మహిమార్థము" అని చిన్నక్షరాలు, అరిగిపోయాయి కూడా. కింద ఈయన పేరు, డిగ్రీలతో సహా, అరచేయంత బంగారు అక్షరాల్లో. ప్రతి పండక్కీ వాటికి మాత్రం రంగు వేయిస్తారు.

కొత్త టీచరుకి పిల్లల పేర్లు ఇప్పటికీ రావట. రిజిస్టర్లు నా దగ్గరే ఉన్నాయి. అడిగితే ఇస్తాను. కాకపోతే వచ్చి అడగాలంటే కాస్త తగ్గింపు కావాలిగా!