షెల్టర్ దగ్గరి ఊటను నమ్ముకోవచ్చా?

అమెరికాలోని అపలాచియన్ ట్రైల్ అనే పొడవైన కొండ కాలిబాటపై, పెన్సిల్వేనియాలో లీహై గ్యాప్ అనే కనుమ నుంచి ఉత్తరంగా సుమారు 16 మైళ్లు నడిచి, రాత్రికి లీరాయ్ స్మిత్ షెల్టర్‌లో (నడిచేవాళ్లు తలదాచుకునే పాకలో) బస చేయాలని న్యూజెర్సీలో ఉంటున్న వదినా మరుదులు సెప్టెంబరు చివరివారానికి ఏర్పాటు చేసుకున్నారు. ఎన్ని నీళ్లు మోసుకెళ్లాలన్న దగ్గర వారికి పొసగలేదు.

మరిది: ఒక్కొక్కరం ఐదు లీటర్లు మోయాలంటున్నారు, వదినా. లీటరు నీళ్లంటే కిలో బరువు. గుడారం, పడక, తిండి కాక వీపు మీద ఇంకో ఐదు కిలోలు వేసుకుని, అడుగు పెట్టిన చోటల్లా రాయి కదిలే ఆ కొండగట్టు మీద నడిస్తే, దాహం వేయడానికి ముందే మడమ బెణుకుతుంది. ఈ దారిలో షెల్టర్లను ఇష్టం వచ్చిన చోట కట్టలేదు. దాదాపు ప్రతిదాన్నీ ఏదో ఒక ఊటకో వాగుకో దగ్గరగా కట్టారు. తెల్ల గుర్తులు వేసిన అసలు దారి విడిచి నీలి గుర్తుల పక్కదారిలో దిగితే నీళ్లుంటాయి. రెండు లీటర్లతో బయలుదేరి, దారిలో నింపుకుందాం. ఫిల్టరు ఉండనే ఉంది.

వదిన: ఆ "దాదాపు" అన్న మాట దగ్గరే ఆగు. జార్జియాలో బ్లడ్ మౌంటెన్ శిఖరం మీది రాతి షెల్టరు దగ్గర నీళ్లే లేవు. ఇక నీళ్లున్నాయని రాసి ఉన్న చోటైనా, ఆ రాత ఏ నెలకు వర్తిస్తుందో మనమే చూసుకోవాలి. మనం నడవబోయే దారి గట్టు వెన్ను మీదే సాగుతుంది. వాన నీరు ఆ రాళ్ల సందుల్లోంచి లోపలికి ఇంకిపోయి, ఎంతో కిందకు దిగిన తరువాత గానీ ఊటగా బయటపడదు. పైన ఉన్న ఊటకు నీరందించే నేల తక్కువ కనుక అది ముందు ఎండుతుంది, కిందిది ఆలస్యంగా ఎండుతుంది. లీరాయ్ స్మిత్ దగ్గర ఒకే పక్కదారిలో ఒకదాని కింద ఒకటిగా మూడు ఊటలున్నాయి. అక్కడి ఎండాకాలం చివర, అంటే మనం వెళ్లే సెప్టెంబరు ప్రాంతంలో, మొదటిది తరచుగా ఎండిపోతుంది. నల్లమలలో దొన నీళ్లను చూసిన వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

మరిది: అందుకే ఫారౌట్ యాప్ చూస్తాం కదా! నిన్నో మొన్నో అటు వెళ్లినవాళ్లు ఊట పారుతున్నదో లేదో తేదీతో సహా రాస్తున్నారు. మీరు ఋతువును బట్టి అంచనా వేస్తున్నారు. నేను చూసినవాళ్ల మాట అడుగుతున్నాను.

వదిన: ఆ మాటను నేనూ చదువుతాను, మూడు రోజుల లోపు రాసినదైతే లెక్కలోకి తీసుకుంటాను. కానీ ఈ దారిలో నా భయం ఊట ఎండడం ఒక్కటే కాదు. లీహై గ్యాప్ పక్కనే ఉన్న పామర్టన్‌లో 1898 నుంచి 1980 దాకా జింకును కరిగించారు. ఆ పొగకు గట్టు మీద వేల ఎకరాల అడవి చచ్చిపోయింది. జింకు, సీసం, కాడ్మియం మట్టిలోకి చేరాయి. ఆ చోటును 1983లో అమెరికా ప్రభుత్వం సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే విషపదార్థాలు చేరి శుభ్రం చేయాల్సిన చోట్ల జాబితాలో, పెట్టింది. మన ఫిల్టరు బ్యాక్టీరియాను, జియార్డియా అనే పేగుల్లో చేరే పరాన్నజీవిని ఆపుతుంది; నీటిలో కరిగిన లోహాన్ని ఆపలేదు. మరిగిస్తే లోహం పోదు సరికదా, ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. అందువల్ల బయలుదేరిన తరువాత మొదటి మైళ్లలో ఎంత తేటగా పారే నీళ్లు కనబడినా నేను సీసా పట్టను.

మరిది: లోహాల సంగతి ఒప్పుకుంటున్నాను, ఆ మైళ్లలో నింపుకోవద్దు. అయితే ప్రయాణాన్ని అక్టోబరు చివరికి జరుపుదాం. ఆకు రాలితే చెట్లు నీరు పీల్చడం మానేస్తాయి, వాన పడకపోయినా ఊటలు కొంత తేరుకుంటాయి. బరువు తగ్గించుకోవడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు.

వదిన: అది సరైన మాట. కానీ అప్పటికి రాత్రులు గడ్డకట్టే చలికి దిగవచ్చు. తడి ఫిల్టరు ఒక్కసారి గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు చిట్లుతాయి, చిట్లినట్టు పైకి కనబడదు. పడక సంచిలో పెట్టుకుని పడుకోవాలి, క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు కూడా వెంట ఉండాలి.

మరిది: పెట్టుకుందాం. మాత్రలకు బరువేముంది? మరి లెక్క చెప్పండి, ఐదు లీటర్లే ఎందుకు?

వదిన: ఆ రాళ్ల మీద గంటకు రెండు మైళ్లు నడిస్తే ఎనిమిది గంటలు, గంటకు అర లీటరు చొప్పున నాలుగు. రాత్రి అన్నానికీ మర్నాడు పొద్దుటికీ ఒకటి. ఒకసారి వేరే షెల్టరు దగ్గర, యాప్‌లో "నిలకడ" అని రాసి ఉన్న ఊటకు చేరేసరికి అక్కడ తడి ఆకులు మాత్రమే ఉన్నాయి. అరచేతితో తవ్వితే చెలమ కూడా పడలేదు. గొంతు ఎండిపోతుండగా చీకట్లో కొండ దిగిన ఆ రెండు గంటలూ నేను మరచిపోలేదు.

మరిది: నాలుగుకు ఒప్పుకుంటున్నాను. ఐదోది మాత్రం షెల్టరు ఊట దగ్గరే పట్టుకుందాం.

వదిన: ఐదోది నేను మోస్తాను. చేరగానే సంచి దించి, వెలుతురు పోకముందే మూడో ఊట దాకా దిగి చూసి వచ్చే పని నీది.