ఇష్టంగా చేస్తున్నారు కదా అని...

పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు అబ్బాయి ఉద్యోగం ఎక్కడ, ప్యాకేజీ ఎంత, ఆన్‌సైట్ వెళ్లే అవకాశం ఉందా అని ఆరా తీస్తాం. ఆ పని అతనికి నచ్చిందా అని అడిగేవాళ్లు అరుదు. కూటి కోసం కోటి విద్యలని నమ్మే సమాజంలో, చేసే పనిలో సంతోషం ఉందా అన్న ప్రశ్న కడుపు నిండినవాళ్ల ముచ్చటగా మిగిలిపోయింది. ఇది తప్పుడు ఆలోచన అని మేం గట్టిగా నమ్ముతున్నాం. పనిలో సంతోషం గురించి ముందుగా మాట్లాడాల్సింది చాలీచాలని జీతాలతో నెట్టుకొస్తున్నవాళ్ల విషయంలోనే. ఎందుకంటే వాళ్లలో చాలామందికి తాము చేసే పనంటే నిజంగానే ప్రాణం. ఆ ఇష్టాన్నే సాకుగా చూపించి, వాళ్లకు రావాల్సిన డబ్బుకు కోత పెడుతున్నాం.

అంగన్‌వాడీ కేంద్రాన్నే తీసుకోండి. ఒక గది, చాలాచోట్ల అద్దెది. ఒక టీచరు, ఒక ఆయా. అమ్మ కొంగు వదలని మూడేళ్ల పిల్లను బుజ్జగించి తూకం మీద నిలబెట్టాలి. కదలకుండా ఒక్క క్షణం నిలబడితే చాలు, అంకె చూసి రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఎత్తు కొలవాలి. అవే అంకెలను మళ్లీ ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి ఎక్కించాలి. గుడ్లు ఉడకాలి, పాలు సరిపోవాలి, రాని గర్భిణి ఇంటికి కబురు వెళ్లాలి. ఇంటికి ఇచ్చే సరుకులకు ఇప్పుడు లబ్ధిదారు ముఖం ఫోన్‌లో చూపించి గుర్తింపు తీసుకోవాలి. సిగ్నల్ అందకపోతే సరుకు ఆగుతుంది, మాట పడేది మాత్రం టీచరే. కూలికి వెళ్లిన తల్లి పొద్దుగూకేదాకా రాకపోతే ఆమె కోసం కాచుకుని కూర్చోవాల్సిందీ టీచరే.

ఇంత చాకిరీలో సంతోషం ఎక్కడుంది అంటారా? పెరుగుదల చార్టులో తక్కువ బరువును చూపే పసుపు రంగులో ఇరుక్కుపోయిన బిడ్డ నాలుగు నెలలు తిరిగేసరికి ఆకుపచ్చలోకి వస్తే, ఆ సంగతి ఆ టీచరు చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడండి. తన చేతుల మీదుగా ఒక బిడ్డ కోలుకుంది. ఏ కార్పొరేట్ ఆఫీసులోనూ ఇంత స్పష్టంగా కళ్లకు కనిపించే ఫలితం ఉండదు.

ఆ ఫలితానికి మనం కట్టిన విలువ ఎంత? సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. యాభై ఏళ్లు నిండాయి. ఈ యాభై ఏళ్లూ అంగన్‌వాడీ టీచరు ప్రభుత్వ దృష్టిలో ఉద్యోగి కాదు, కార్మికురాలు కూడా కాదు. స్వచ్ఛందంగా సేవ చేస్తున్న మనిషి. అందుకే ఆమెకు ఇచ్చేదాన్ని గౌరవ వేతనం అంటారు, కనీస వేతన చట్టం దాని దరిదాపులకు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు టీచరుకు నెలకు అందుతున్నది 11,500 రూపాయలు, ఆయాకు 7,000. వాళ్లు జీతం పెంచమన్నారు, గ్రాట్యుటీ ఇవ్వమన్నారు. కొన్నిచోట్ల కేంద్రాల తాళాలు పగలగొట్టి గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందితో తెరిపించారు. జనవరిలో ఎస్మా ప్రయోగించారు. సమ్మె 42 రోజులు సాగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. పని ఆపితే సమాజం తట్టుకోలేదు అన్నప్పుడు వాడే ఆయుధం. అంటే సమ్మె చేసినప్పుడు ఆమె పని అత్యవసరం, జీతం అడిగినప్పుడు ఆమె పని స్వచ్ఛంద సేవ. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం కుదరదు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీ టీచర్లకు, సహాయకులకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తేల్చిచెప్పింది. అంతకు చాలా ముందే, 2013లో 45వ భారత కార్మిక సదస్సు ఇలాంటి పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం ఇవ్వాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ముగ్గురూ కూర్చునే వేదిక అది. అలాంటిచోట ఖరారైన మాటను ఇన్నేళ్లుగా ఏ పార్టీ ప్రభుత్వమూ పట్టించుకోలేదు.

ఆశా కార్యకర్తల కథా వేరు కాదు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశ ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ప్రకటించింది. కరోనా రోజుల్లో గడప గడపకూ తిరిగిన ఆడవాళ్లకు అది న్యాయంగా దక్కిన గౌరవం. ఆ మరుసటి ఏడాదే తెలంగాణలో అదే ఆశాలు నెలకు 18 వేల స్థిర వేతనం కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 మార్చిలో వాళ్లకు గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు ప్రకటించి, పదవీ విరమణ వయసును 62కు పెంచడం మంచి నిర్ణయం. ఇలాంటివి పనిమీద గౌరవం పెంచుతాయి. కానీ ప్రసూతి సేవల కోసమే పనిచేసే మనిషికి తన ప్రసూతికి సెలవు దొరకడానికి పథకం మొదలై ఇరవై ఏళ్లు పట్టిందన్న నిజం మనందరికీ సిగ్గుచేటు.

చేనేతలోకి వద్దాం. ఇష్టం గురించి, కళ గురించి మనం అందరికంటే ఎక్కువ మాట్లాడేది నేతన్న దగ్గరే. పోచంపల్లి ఇక్కత్ చీర మీద పూవు విచ్చుకునే చోటు నేతకు ముందే, నూలుకు రంగు అద్దేటప్పుడే లెక్కగా పడాలి. ఆ లెక్కకు ముందు జరిగే పని ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని ఒక్కొక్క పోగుగా తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేల సార్లు. ఈ పని చేసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు. భుజం పట్టేస్తుంది, కళ్లు లాగేస్తాయి. మజూరీ మాత్రం చీరకు లెక్క కట్టి మగ్గం మీద కూర్చున్న మనిషి చేతిలో పెడతారు. ఆసు పోసిన చేతికి విడిగా లెక్క ఉండదు.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేయాలని పూనుకున్నారు. చదువు హైస్కూలుతోనే ఆగిపోయింది. చేతిలో డబ్బు లేదు, అప్పులు చేశారు, ఊళ్లో నానా మాటలూ పడ్డారు. 1992లో మొదలుపెట్టిన ప్రయత్నం 1999కి గాని కొలిక్కి రాలేదు. నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు దిగింది. యంత్రానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను అందరూ పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. మాకు ఇందులో మరొకటి ముఖ్యంగా కనిపిస్తుంది. చేనేత మహిళలను పొగిడినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. వాళ్ల భుజం నొప్పి తగ్గించే పనికి పూనుకున్నది ఒక కొడుకు. నేత పని మీద ప్రేమ ఉండాలంటే దాని మీద ఉపన్యాసాలు ఇవ్వనక్కర్లేదు, అందులో ఉన్న బాధ తీసేస్తే చాలు. మిగిలేది ఇష్టమే. నాలుగో అఖిల భారత చేనేత గణన, అంటే 2019–20 లెక్క ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో ఉన్నవాళ్లు 35.22 లక్షల మంది. నూటికి డెబ్భై మందికి పైగా మహిళలు. నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతులకు నెల ఆదాయం 5,000 రూపాయలు దాటదని అదే గణన చెప్పింది. తన పిల్లలను మగ్గం దగ్గరికి రానివ్వని నేతన్నకు మగ్గం మీద ఇష్టం లేదనుకోవడం పొరపాటు. ఇష్టం ఉంది. ఆ ఇష్టంతో ఇల్లు గడవదని అనుభవంతో తెలుసుకున్నాడు, అంతే.

ప్రైవేటు బడి పంతుళ్ల సంగతి మరీ ఘోరం. గురువును దేవుడితో సమానంగా చూస్తామని చెప్పుకుంటాం. కరోనాలో బడులు మూతపడ్డప్పుడు ఎందరో టీచర్లు ఉపాధి హామీ పనులకు వెళ్లారు, తోపుడు బండ్ల మీద పండ్లు అమ్ముకున్నారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చి ఆదుకుంది. అవసరమైన సాయమే. అయినా పదిహేనేళ్లు పాఠాలు చెప్పిన మనిషి దగ్గర రెండు నెలలు గడిచేంత పొదుపు కూడా లేకపోయిందంటే, ఆ పదిహేనేళ్లూ అతనికి ముట్టింది ఎంతో అర్థమవుతూనే ఉంది. బడులు తెరవగానే చాలామంది మళ్లీ అదే జీతానికి, అదే తరగతి గదికి వచ్చేశారు. చెప్పడమంటే ఇష్టం కాబట్టి. ఆ ఇష్టం మీద బేరమాడే యాజమాన్యాలను ఇప్పటికీ ఎవరూ ప్రశ్నించడం లేదు.

జీతం బాగా వచ్చే ఉద్యోగాల్లో ఇదే మాట ఇంకో వేషంలో వస్తుంది. అక్కడ కోత పడేది డబ్బులో కాదు, గంటల్లో. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటలన్నారు. ఆదివారం కూడా మీతో పనిచేయించలేకపోతున్నందుకు బాధగా ఉందని ఉద్యోగులతో చెప్పారు. 2023–24లో ఆయన వార్షిక పారితోషికం ఆ సంస్థ ఉద్యోగుల మధ్యస్థ జీతానికి ఐదు వందల రెట్లకు పైనే. కంపెనీ ఎదిగితే తానూ ఆ మేరకు ఎదిగే మనిషికి పనిలో ఆనందం ఒక రకంగా ఉంటుంది. గచ్చిబౌలిలో ఇంటికి చేరాక రాత్రి పదిన్నరకు అమెరికా క్లయింట్ కాల్ ఎత్తే కుర్రాడికి అదే ఆనందం ఉండాలనడం అన్యాయం. ఆ కుర్రాడికి కోడ్ రాయడం ఇష్టమే కావచ్చు. అర్ధరాత్రి టెన్షన్ ఎవరికీ ఇష్టం కాదు. పని మీద నిజంగా మనసు పెట్టి చేస్తున్నవాళ్లు ప్రపంచవ్యాప్తంగా 21 శాతమేనని 2024 సంవత్సరానికి గ్యాలప్ సంస్థ తేల్చింది. గంటలు పెంచితే ఆ అంకె పెరుగుతుందని ఎవరైనా నమ్ముతారా?

ఇలాంటి వేళ మన రెండు రాష్ట్రాలూ రోజువారీ పని పరిమితిని పది గంటలకు పెంచాయి. తెలంగాణ 2025 జులైలో వాణిజ్య సంస్థలకు ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ తొమ్మిది గంటల హద్దును పదికి జరిపింది. వారానికి 48 గంటల నియమం ఉందిగా అంటున్నారు. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే తన మొట్టమొదటి ఒడంబడికలో రాసింది. మన దేశం 1921లో దాన్ని ఆమోదించింది. నూరేళ్ల కిందట కుదిరిన ఒప్పందం నుంచి ముందుకు వెళ్లాల్సింది పోయి వెనక్కి జరగడం మాకు సమ్మతం కాదు. పది గంటలు పనిచేసి, రెండు గంటలు ట్రాఫిక్‌లో గడిపి ఇల్లు చేరే తల్లికో తండ్రికో పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు చూసే భాగ్యం ఆదివారమే.

అందరికీ నచ్చిన పని ఎక్కడ దొరుకుతుంది అని కొందరు అడుగుతారు. దొరకదు, నిజమే. ఇంటర్‌లో ఎంపీసీ అని తల్లిదండ్రులు నిర్ణయిస్తే, కౌన్సెలింగ్‌లో ర్యాంకు కంప్యూటర్ సైన్స్ సీటు అంటగడితే, అక్కడి నుంచి జీవితం దానంతటదే నడిచిపోయినవాళ్లు మన ఇళ్లలో లక్షల్లో ఉన్నారు. వాళ్లకు పని మీద ప్రేమ లేకపోవచ్చు. ఉండి తీరాలని శాసించడానికి మనమెవరం? ఇష్టం లేని పనిని కూడా నిజాయితీగా చేసి, సాయంత్రం వేళకు ఇంటికెళ్లి, తోట పెంచుకునో పాట పాడుకునో బతికే మనిషి బతుకు ఏమాత్రం తక్కువది కాదు. పనిని ప్రేమించని మనిషికీ న్యాయమైన జీతం దక్కాలి. పనిని ప్రేమించే మనిషికీ అంతే దక్కాలి. ఒకరికి ఇష్టం లేదని తిట్టి, ఇంకొకరికి ఇష్టం ఉందని కోత పెట్టి, రెండు వైపులా లాభపడుతున్నది ఎవరో కార్మిక శాఖలకు తెలియనిది కాదు.

చేయాల్సినవి కష్టమైన పనులేం కాదు. చేనేత మజూరీ లెక్కలో ఆసు పోయడం, రంగులద్దడం, కండెలు చుట్టడం వంటి ఆడవాళ్ల పనికి విడిగా విలువ కట్టి వాళ్ల ఖాతాల్లోనే వేయాలి. సహకార సంఘాల ద్వారా ప్రభుత్వమే కొంటున్న బట్టతో దీన్ని మొదలుపెట్టవచ్చు. ప్రైవేటు బడులు టీచర్ల జీతాలను బ్యాంకు ద్వారానే చెల్లించేలా, ఆ వివరాలు విద్యాశాఖకు అందేలా చూడాలి. ఫ్రాన్స్, ఆస్ట్రేలియా దేశాల్లో పని వేళలు ముగిశాక ఆఫీసు ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. ఐటీ ఎగుమతుల గురించి గొప్పగా చెప్పుకునే హైదరాబాద్ నుంచే మన దేశంలో ఆ చర్చ మొదలుకావాలి.

అన్నింటికంటే ముందు అంగన్‌వాడీలు, ఆశాల సంగతి. వాళ్లను కార్మికులుగా గుర్తించే అధికారం కేంద్రానిది, కనీస వేతనానికి తగ్గకుండా తమ వాటా పెంచే అధికారం రాష్ట్రాలది. ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటూ ఇప్పటికే చాలా ఏళ్లు గడిపేశారు. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందే ఇద్దరు ముఖ్యమంత్రులూ వాళ్ల సంఘాలను చర్చలకు పిలవాలి. 2013 కార్మిక సదస్సు సిఫార్సును ఏ తేదీ నుంచి అమలు చేస్తారో శాసనసభలో చెప్పాలి. కేంద్రం చేత దాన్ని ఒప్పించేందుకు మన ఎంపీలు, అధికారపక్షంవారైనా ప్రతిపక్షంవారైనా, పార్లమెంటులో కలిసి గొంతెత్తాలి.