మెలొడీ అంటే నెమ్మదైన పాట మాత్రమే కాదు

స్వరాల పట్టికతో వచ్చిన ఒక సంగీత వ్యాసంలో, మెలొడీ అంటే నెమ్మదిగా సాగే మధురమైన పాట అని వ్యాసకర్త రాశారు. సినిమా పాటల గురించి మాట్లాడుకునేటప్పుడు మనమంతా ఆ అర్థంలోనే వాడుతున్నాం కాబట్టి అది తప్పనలేను గానీ, సంగీతంలో ఆ మాట స్వరాలు ఒకదాని వెంట ఒకటి నడిచే తీరును సూచిస్తుంది. వేగంగా సాగే పాటకూ అది ఉంటుంది.

ఆ నడకే ప్రాణమని చెప్పడానికి ఆరభి, దేవగాంధారి రాగాలను మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు. రెండూ 29వ మేళకర్త (ఇతర రాగాలకు మూలమైన రాగం) అయిన ధీరశంకరాభరణంలో పుట్టినవే. రెండింటికీ ఆరోహణ, అంటే స్వరాలు పైకి ఎక్కే వరుస, స రి మ ప ద స; అవరోహణ, అంటే కిందికి దిగే వరుస, స ని ద ప మ గ రి స. కాగితం మీద చూస్తే తేడా కనిపించదు. కానీ ఆరభిలోని త్యాగరాజస్వామి వారి ‘సాధించెనే’ విని, వెంటనే దేవగాంధారిలోని ‘క్షీరసాగర శయన’ వినండి. ఆరభిలో గాంధార నిషాదాలను (గ, ని) అలా తాకి వెళ్ళిపోతారు, నడకలో చురుకు ఉంటుంది; దేవగాంధారిలో అదే గాంధారం దగ్గర గాయకుడు ఆగి, స్వరాన్ని ఊపుతూ, తొందరపడకుండా కిందికి దిగుతాడు. నాకు సంగీతం నేర్పిన గురువుగారు ‘మ గ రి’ అనే మూడు స్వరాలనే ఈ రెండు రాగాల్లో మార్చి మార్చి పాడించేవారు. నోటికి తేడా పట్టుబడడానికి నాకు చాలా నెలలు పట్టింది.

స్వరాల పట్టిక ఇచ్చి ఊరుకోకుండా, స్వరాన్ని ఇలా ఊపి పలికించే గమకం గురించి కూడా వ్యాసకర్త ఒక పేరా చేర్చాలని కోరుతున్నాను.